స్టాండర్డ్‌గారి ఒంటి వేడి

ఆయనకు స్టాండర్డ్‌గారని పేరు పెట్టింది ల్యాబ్‌లో నేల తుడిచే ఆవిడ. అంతకుముందు అందరికీ ఆయన లిఫ్టాయన. పన్నెండంతస్తుల పాత ఆఫీసు బిల్డింగులో, మడత తలుపుల లిఫ్టులో, ఒక స్టూలు మీద పందొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. పైకీ కిందికీ తిరిగిందంతా కలిపితే భూమిని రెండుసార్లు చుట్టి వచ్చి ఉంటాడు గానీ, ఆ స్టూలు దాటి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఒకసారి ఏడో అంతస్తుకూ ఎనిమిదో అంతస్తుకూ నడుమ లిఫ్టు ఇరుక్కుపోయింది. లోపల ఆరుగురు. ఒకాయన తలుపు బాదాడు, ఇంకొకాయన మేనేజరును ఏడు తరాలూ కలిపి తిట్టాడు, ఒకావిడ కళ్ళు తిరిగి కూలబడింది. లిఫ్టాయన తన కోటు మడిచి ఆవిడ తల కింద పెట్టి, స్టూలు తీసి తిట్టే ఆయన ముందు వేసి, "కూర్చొని తిట్టండి సార్, నిలబడి తిడితే ఆయాసం వస్తుంది" అన్నాడు. మెకానిక్ వచ్చేసరికి గంటన్నర పట్టింది. బయటికొచ్చేటప్పటికి అందరి చొక్కాలూ చెమటకు తడిసి ముద్దయ్యాయి. ఆయన చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు. కొందరికి నిలకడ పుట్టుకతో వస్తుంది, మిగిలినవాళ్ళు వాళ్ళను చూసి కుళ్ళుకుంటారు.

ఆయన భార్య సంగతి వేరు. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకొని ఆసుపత్రులకు దుప్పట్లు, దిండు గలీబులు కుట్టేది. ఆవిడ గొంతు ఎత్తితే వీధి చివర కుక్క లేచి నిలబడేది. ఆవిడకు ఒక చెల్లెలు, పదమూడేళ్ళు చిన్నది. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోయినప్పుడు ఆ పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది. లిఫ్టాయన మరదలి పెట్టె తనే మోసుకొచ్చి, తన ఇంట్లో కిటికీ పక్కన మంచం వేసి, "ఇవాళ్టి నుంచీ ఇది ఇంజినీరమ్మగారి ఆఫీసు, ఎవరూ చెప్పకుండా లోపలికి రాకూడదు" అన్నాడు. ఏడుస్తున్న పిల్ల ఏడుస్తూనే నవ్వింది. అప్పటికి వారం నుంచీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆట పట్టించడానికి అన్న మాటను ఆయన నిజం చేసిపెట్టాడు. నాలుగో అంతస్తులో దిగే ఇంజినీర్లను బతిమాలి పాత పుస్తకాలు తెచ్చేవాడు. చెడిపోయిన రేడియోలు, గడియారాలు ఎవరు పారేస్తున్నా అడిగి పట్టుకొచ్చేవాడు. మరదలు వాటిని విప్పేది, బిగించేది, కొన్ని మళ్ళీ మోగేవి. పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున లేచి కాఫీ పెట్టిచ్చి, "చదువు చదువు, నేను కూడా నీతో పాటు కూర్చుంటా, కూర్చోవడంలో నన్ను మించినవాడు లేడు" అనేవాడు. ఆమె కొలిచే పరికరాల డిప్లొమా చేసి, వైద్య పరికరాలు తయారుచేసే ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరింది. రెండు వీధుల అవతల గది తీసుకుంది గానీ, సాయంత్రం తిండి మాత్రం అక్క ఇంట్లోనే. వంటగదిలో నేల మీద ముగ్గురూ కూర్చొని, అక్క అరుపులు నంచుకుంటూ తినేవాళ్ళు.

ఆ ల్యాబ్‌లో చేస్తున్నది మనిషిని ముట్టుకోకుండా ఒంటి వేడి కొలిచే మెషిన్. మంచానికి పైన, స్టాండుకు రెండు పలకలు వేలాడుతుంటాయి. మన ఒంట్లోంచి కంటికి కనపడని, అతి బలహీనమైన మైక్రోవేవ్‌లు ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటాయి. చర్మం కింద కొంత లోతున ఉన్న వేడి కూడా వాటిని బట్టి తెలుస్తుంది. మొదటి పలక ఏమీ పంపదు, వాటిని వింటుందంతే. రెండో పలక తనే సన్నగా తరంగాలు పంపి, ఛాతీకి తగిలి తిరిగొచ్చిన వాటిని బట్టి ఊపిరి, గుండె లెక్కపెడుతుంది. రెండూ కలిపి, మనిషి ఊరికే పడుకున్నప్పుడు ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు చేస్తోందో కంప్యూటర్ అంచనా కడుతుంది. ఒళ్ళు కాలినవాళ్ళను, అరచేతిలో పట్టేంత పసికందులను మాటిమాటికీ ముట్టుకోలేరు కదా, వాళ్ళ కోసం ఇదంతా.

చిక్కేమిటంటే ఇలాంటి మెషిన్ జారుతుంది. గది వేడెక్కినా, లోపలి భాగాలు పాతబడినా అంకె ఒక పిసరు అటో ఇటో పోతుంది. అందుకని ఒక నీళ్ళ బొమ్మ ఉండేది. ఉప్పునీళ్ళు నింపిన, తలా కాళ్ళూ లేని ప్లాస్టిక్ మొండెం. లోపలి హీటరు దాన్ని సరిగ్గా ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉంచేది. మెషిన్ అంతకన్నా ఎక్కువో తక్కువో చూపిస్తే, ఆ తేడా తీసేసి సరిచేసేవాళ్ళు. కానీ బొమ్మ ఊపిరి పీల్చదు, శక్తి ఖర్చు చేయదు. దానికి ఒక మనిషి కావాలి. వారం వారం ఒకేలా ఉండే మనిషి. ల్యాబ్ నడిపే పెద్దసారు తనే పడుకొని చూశాడు. ఫోను మోగితే చాలు, ఆయన గుండె పరుగు పెట్టేది. నేల తుడిచే ఆవిడ పడుకుంటే నోరు ఊరుకోలేదు, కూతురి అత్తగారి మీద మొదలుపెట్టి అరగంటా ఆపలేదు.

సరిగ్గా అప్పుడే ఆ పాత బిల్డింగులో బటన్ నొక్కితే పోయే లిఫ్టు పెట్టారు. లిఫ్టాయన స్టూలు చంకలో పెట్టుకొని ఇంటికొచ్చాడు. నెల గడిచేసరికి అక్కకు విసుగు పుట్టింది. "ఈయన్ను ఎక్కడికైనా తీసుకుపోవే తల్లీ. ఇంట్లో కుర్చీలకు పోటీకొస్తున్నాడు."

అలా ఆయన సోమవారం మనిషి అయ్యాడు. పరగడుపున వచ్చి, చెప్పులు విప్పి, తెల్ల దుప్పటి మీద వెల్లకిలా పడుకొని అరగంట కదలకుండా ఉండటం ఆయన పని. మొదటి సోమవారం ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. రెండోదీ అంతే. పదో సోమవారమూ అంతే. శక్తి ఖర్చు కూడా గీత గీసినట్టు ఒకేచోట నిలిచింది. పెద్దసారు కాగితాలు ముందేసుకొని, "ఇతను మనిషా, ఇంకో బొమ్మా?" అన్నాడు. తుడిచే ఆవిడ గుమ్మంలోంచి, "స్టాండర్డ్‌గారండీ ఆయన" అంది. పేరు అతుక్కుపోయింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన కాలరు సర్దుకునేవాడు. అరవయ్యేళ్ళ జీవితంలో ఆయనకు దొరికిన బిరుదు అదొక్కటే.

పనికి ఒక పద్ధతి ఉంది. మెషిన్ కింద పడుకోబెట్టే ముందు మామూలు గాజు థర్మామీటరు నాలుక కింద మూడు నిమిషాలు పెట్టాలి. ఆ అంకె రిజిస్టరులో మొదటి గడిలో రాయాలి. దాని పక్క గడిలో మెషిన్ చూపించింది రాయాలి. తేడా ఉంటే మెషిన్‌ను సరిచేయాలి. బావకు ఆ గాజు పుల్లంటే చిరాకు. నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు కాబట్టి.

"మీ అక్కకు పెట్టవే అది, రోజుకు రెండుసార్లు" అనేవాడు.

రెండేళ్ళపాటు మొదటి గడిలో వేరే అంకె పడలేదు. ఒక సోమవారం మరదలికి బస్సు దొరక్క ఆలస్యమైంది. బావ అప్పటికే మంచం మీద పడుకొని ఉన్నాడు. పెద్దసారు గుమ్మంలో గడియారం చూసుకుంటున్నాడు. ఆమె కలం తీసి, "ఎంత రాయను బావా?" అంది.

"ఎంతని రాస్తావు? నా జాతకం నీకు తెలియంది కాదుగా."

ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది అని రాసింది. మెషిన్ కూడా అంతే చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాతి వారం కూడా థర్మామీటరు పెట్టెలోనే ఉండిపోయింది. కొంత బద్ధకం, కొంత బావను ఇబ్బంది పెట్టడమెందుకన్న ప్రేమ, మిగిలిందంతా నమ్మకం. మొదటి గడి ఆమె చెయ్యి దానంతట అదే నింపేసేది.

వానాకాలంలో నీళ్ళ బొమ్మ హీటరు కాలిపోయింది. కొత్తది తెప్పించడానికి కాగితాలు కదిలాయి, అవి ఏదో బల్ల మీద ఆగిపోయాయి. పెద్దసారు పెద్దగా పట్టించుకోలేదు. "స్టాండర్డ్‌గారు ఉండగా మనకు బొమ్మెందుకు?" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన సోమవారమే మెషిన్ ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది చూపించింది.

ఇక్కడ ఎవరైనా అదే చేసి ఉంటారని చెప్పి ఆమెను వెనకేసుకు రావచ్చు. అందరూ చెయ్యరు. ఆ గదిలో పనిచేసేవాళ్ళే చేస్తారు. బయటివాళ్ళెవరైనా అయితే ఏం బాబాయ్, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందేం అని అడిగేవాళ్ళు. మరదలు మాత్రం "మెషిన్ మళ్ళీ జారింది" అనుకుంది. ఇంతకుముందు మూడు నాలుగుసార్లు అలా జారింది కూడా. సవరణ గడిలో పాయింట్ ఒకటి తగ్గించింది. అంకె దారికొచ్చింది. వారం తిరిగేసరికి మళ్ళీ పాయింట్ ఒకటి పైకి. మళ్ళీ తగ్గించింది. శక్తి ఖర్చు కూడా కొద్ది కొద్దిగా పెరుగుతూ వచ్చింది. దాన్నీ కిందికి దించింది. పెద్దసారుకు చెబితే పలక పాతబడుతోందని తేల్చాడు. తొమ్మిది వారాలు, తొమ్మిది సవరణలు. ప్రతి సోమవారం పని అయ్యాక అక్కకు ఫోను చేసి, "మీ ఆయన గుండ్రాయిలా ఉన్నాడే" అనేది. అక్క "ఉండకేం చేస్తాడు, మూడు పూటలా వండి పెట్టేది నేనేగా" అనేది.

ఆ రోజుల్లో బావ సన్నబడ్డాడు. ఉదయం నడక మొదలుపెట్టాడు కదా అనుకున్నారు. అక్క రెండుసార్లు ఆయన ప్యాంట్లు లోపలికి కుట్టి, పెళ్ళికొడుకు కళ వచ్చిందని మురిసిపోయింది. ల్యాబ్‌లో సరదాగా ఎవరు మంచం మీద పడుకున్నా మెషిన్ తక్కువ చూపించేది. తుడిచే ఆవిడకు ముప్పై ఆరు వచ్చింది. "నేను సగం పోయాను, మిగతా సగం జీతం కోసం తిరుగుతోంది" అని ఆవిడ అందరినీ నవ్వించింది. మరదలు కూడా నవ్వింది. ఏసీ గదిలో పనిచేస్తే ఒళ్ళు చల్లబడదా మరి, అంది.

పదో వారం మెషిన్‌ను పరీక్షకని ఒక ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకు పంపారు. మూడో రోజు పొద్దున్నే అక్కడి పెద్ద నర్సు ఫోను చేసింది. ఆవిడ మాట కత్తిపీటే.

"ఏమమ్మా, మీ మెషిన్ లెక్కన నా వార్డులో పిల్లలందరూ చలికి వణికిపోవాలి. వాళ్ళు బంగారంలా పాలు తాగి నిద్రపోతున్నారు. నా థర్మామీటరు ఒకటి చెబితే మీది పాయింట్ తొమ్మిది తక్కువ చెబుతోంది. ఒక్కరికి కాదు, పద్నాలుగు మందికీ. తీసుకుపోండి మీ వస్తువును."

మరదలు "చూస్తాను మేడం" అని ఫోను పెట్టేసింది. అందరికీ ఒకే తేడా అంటే మెషిన్ సవరణలో తప్పుంది. రిజిస్టరు తెరిచి తొమ్మిది వారాల సవరణలు కూడింది. పాయింట్ తొమ్మిది. అది తీసేస్తే పద్నాలుగు మంది పిల్లల అంకెలూ నర్సు థర్మామీటరుతో అతికినట్టు సరిపోయాయి. అంటే మెషిన్ జారనే లేదు. ఈ తొమ్మిది వారాలూ నిజమే చెబుతోంది. చిక్కుముడి విడిందన్న సంతోషం ఆమెకు ఒక్క క్షణం కలిగింది. ఆ ఒక్క క్షణాన్ని తర్వాత జీవితంలో ఎన్నడూ క్షమించుకోలేకపోయింది. మరుక్షణం, మెషిన్ జారకపోతే జారిందెవరన్న ప్రశ్న తగిలింది.

గాజు థర్మామీటరు చేతిసంచిలో వేసుకొని, ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. బావ గుమ్మం దగ్గర కూర్చొని చెప్పులకు పాలిష్ వేసుకుంటున్నాడు.

"ఏం ఇంజినీరమ్మా, ఇవాళ సోమవారం కాదే?"

"నోరు తెరువు బావా."

"ల్యాబ్‌ను ఇంటికే తెచ్చేశావా?"

"నోరు తెరువు ముందు."

మూడు నిమిషాలు. ఆయన నాలుక కింద పుల్ల పెట్టుకొని కళ్ళెగరేస్తూ ఆమెను నవ్వించాలని చూశాడు. ఆమె ఆయన బెల్టుకు కొత్తగా పొడిచిన మూడు చిల్లులు చూస్తోంది. తీసి చూస్తే ముప్పై ఏడు పాయింట్ ఏడు. విదిలించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

"బావా, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా?"

"పడతాయి. ఎండాకాలం కదా."

"వానాకాలం బావా ఇది."

ఆయన పాలిష్ బ్రష్షు కింద పెట్టాడు. వంటగదిలోంచి అక్క, "ఏంటే ఆ గుసగుసలు? నాకు చెప్పకూడదా?" అని కేకేసింది.

ఆసుపత్రిలో డాక్టరు ఆయన మెడ పక్కన, చంకల కింద వేళ్ళతో తడిమి వెంటనే పరీక్షలు రాశాడు. పరీక్షలన్నీ అయ్యాక, ఇది లింఫు గ్రంథులకు పట్టే క్యాన్సరని, చాలా దూరం పాకిందని చెప్పాడు. "జ్వరం ఎన్నాళ్ళ నుంచీ?" అని అడిగాడు.

"జ్వరమే లేదు డాక్టరుగారూ" అంది అక్క. "ప్రతి సోమవారం కొలుస్తారు. మా చెల్లెలే కొలుస్తుంది."

డాక్టరు మరదలి వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది. "ఒక రెండు మూడు నెలల ముందు వచ్చి ఉంటే" అని ఆయన మొదలుపెట్టి, అక్క ముఖం చూసి, మిగతా మాట మింగేశాడు.

మరదలు పెద్దసారుకు ఆ రోజే అంతా చెప్పింది. ఆయన కేకలేశాడు, తర్వాత బొమ్మ హీటరు గుర్తొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆమె పని వేరే వాళ్ళకు అప్పగించారు. ఎవరు ఏ శిక్ష వేసినా ఆమెకు చీమ కుట్టినట్టు కూడా లేదు. చెప్పాల్సిన మనిషి మంచం మీద ఉన్నాడు. చేతికి సూది, సూదికి గొట్టం. ఒక మధ్యాహ్నం అక్క మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు ఆమె స్టూలు దగ్గరికి లాక్కొని, మొదటి గడి సంగతి, తొమ్మిది సవరణల సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

ఆయన పైకప్పు వైపు చూశాడు. "తొమ్మిది వారాలా?" అన్నాడు.

"తొమ్మిది."

"ఒక్కసారైనా ఆ గాజు పుల్ల నోట్లో పెట్టి ఉంటే..." అని ఆగిపోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లిఫ్టులో ఇరుక్కున్నప్పుడు కూడా చలించని మనిషి భుజాలు అదురుతున్నాయి. ఆమె ఆ భుజం మీద చెయ్యి వెయ్యాలనుకుంది. ముఖం చెల్లక లేచి వచ్చేసింది. ఆ సాయంత్రం ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చొని నోట్లో గుడ్డ కుక్కుకొని ఏడ్చింది.

మర్నాడు వెళ్ళడానికి భయపడింది. ఆయనే అక్కను ఏదో పని మీద బయటికి పంపి పిలిచాడు.

"నిన్న నీ మీద చాలా కోపం వచ్చింది. ఇవాళ తగ్గింది. పూర్తిగా తగ్గిందని అబద్ధమెందుకు, కొంచెం ఉంది. అయినా వద్దులే అన్నది నేను కూడానూ. సరే, ఒక మాట విను. ఇది మీ అక్కకు చెప్పకు."

"చెప్పకుండా ఎలా ఉంటాను బావా?"

"ఉండాలి. నేను పోతే దానికి ఎవరున్నారే? నువ్వే. నీకు మాత్రం ఎవరున్నారు? అదే. దానికి నీ మీద కోపం వచ్చిందంటే ఇద్దరూ ఒంటరివాళ్ళైపోతారు. నాకు మాటివ్వు."

మాటిచ్చింది. చచ్చిపోతున్న మనిషి అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటుంది? ఐదు నెలలు మందులు ఎక్కించారు. జుట్టు పోయింది, నాలుకకు రుచి పోయింది. జోకులు మాత్రం చివరి నెల దాకా ఉన్నాయి. ఒక ఆదివారం ఉదయం, అక్క దిండు మారుస్తుంటే, "ఇంకాస్త పైకి" అన్నాడు. అదే ఆఖరి మాట. మరదలు ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని ఉంది. పాదాలు పట్టుకొని బావా బావా అని పిలుస్తూనే ఉంది. ఆమెను కిటికీ పక్క మంచం మీద కూర్చోబెట్టి నవ్వించిన మనిషి పలకలేదు.

ఆ తర్వాత మొదలైంది అసలు నరకం. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ అక్క అదే చెప్పేది. "నా చెల్లెలు కాబట్టి కనిపెట్టింది. పరుగెత్తుకొచ్చి థర్మామీటరు పెట్టింది. అది లేకపోతే ఆ ఐదు నెలలు కూడా దక్కేవి కావు." అంటూ చెల్లెలి తల తన భుజానికి ఆనించుకునేది. వచ్చినవాళ్ళు ఆమెను మెచ్చుకోలుగా చూసేవాళ్ళు. ఒక్కొక్క మెచ్చుకోలూ ఆమెకు చెంపదెబ్బలా తగిలేది.

అది కూడా ఓర్చుకునేదేమో. రెండో మాట ఓర్చుకోలేకపోయింది. "నేనే గుడ్డిదాన్ని. కట్టుకున్నదాన్ని, పక్కన పడుకునేదాన్ని, నాకు తెలియలేదు. సన్నబడుతుంటే మురిసిపోయి ప్యాంట్లు కుట్టాను. నేనసలు పెళ్ళాన్నేనా?" అని అక్క పగలంతా తనను తాను కోసుకునేది. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది. అన్నం ముందు కూర్చొని మరచిపోయేది. వీధి చివరిదాకా వినపడే గొంతు పక్క గదికి కూడా వినపడటం మానేసింది. ఆరు వారాల్లో పదేళ్ళు మీద పడ్డాయి. చెయ్యని తప్పుకు అక్క చిక్కి శల్యమవుతుంటే, చేసిన మనిషి ఎదురుగా కూర్చొని ముద్దలు కలిపి పెడుతోంది.

ఏడో వారం, వంటగదిలో, అక్క చెంచా చేతిలో పట్టుకొని మళ్ళీ అదే ఎత్తుకుంది. "పెళ్ళాన్నై ఉండి..."

"ఆపక్కా" అంది చెల్లెలు. "తప్పు నీది కాదు. నాది."

అంతా చెప్పింది. బావకిచ్చిన మాట తప్పుతూ, ఆ మాట ఎందుకు తీసుకున్నాడో కూడా చెప్పింది. థర్మామీటరు పెట్టకుండా రాసిన అంకె, మెషిన్ చెబుతున్నా వినకుండా దాన్నే సరిచేసిన తొమ్మిది సోమవారాలు, ఆ సాయంత్రాలు చేసిన ఫోన్లు. అక్క అడ్డు రాలేదు. స్టవ్ మీద పప్పు మాడింది. వాసన వస్తున్నా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

చెప్పడం అయిపోయాక అక్క తిడుతుందని ఎదురుచూసింది. కొడుతుందేమో, కొడితే బాగుండునని కూడా అనుకుంది. అక్క తన కుడి అరచేతిని తెరిచి చూసుకుంటూ చాలా మెల్లగా మాట్లాడింది.

"నాకు తెలిసిందే. రోజూ తెలిసింది. తెల్లారి లేచేటప్పుడు ఆయన మెడ మీద చెయ్యి వేస్తే కాలేది. ఏంటండీ ఈ వేడి, డాక్టరు దగ్గరికి పోదాం పదండి అని మూడుసార్లు అడిగాను. ఆయన నవ్వేవాడు. మీ చెల్లెలు అంత పెద్ద మెషిన్‌తో చూసి ఏమీ లేదంటుంటే, నీ చెయ్యి డాక్టరా అనేవాడు. సోమవారం సాయంత్రం నువ్వు ఫోను చేసేదానివి. గుండ్రాయిలా ఉన్నాడే అనేదానివి. పొయ్యి దగ్గర పనిచేసే చెయ్యి కదా, దీనికే వేడి ఎక్కువైంది అనుకున్నాను. నా చెయ్యే తప్పనుకున్నానే."

"అక్కా..."

"గుడ్డిదాన్ని కానన్నమాట." అక్క స్టవ్ ఆర్పింది. మాడిన గిన్నె తీసి కుళాయి కింద పెట్టింది. "నువ్వెళ్ళు."

"రేపు రానా?"

అక్క నీళ్ళు వదిలింది. చెల్లెలు ఆ చప్పుడులోనే కాసేపు నిలబడి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయింది.

నెల రోజులు అక్క ఫోను తీయలేదు. కుట్టుమిషన్ మళ్ళీ నడుస్తోందని, మనిషి తింటోందని పక్కింటివాళ్ళు చెప్పారు. చెప్పినందుకు అదొక్కటైనా దక్కింది. రెండో నెలలో ఒక సాయంత్రం ఉండబట్టలేక వెళ్ళి తలుపు కొట్టింది. అక్క తలుపు తీసింది. తిట్టలేదు, ఏడవలేదు. చెల్లెలు అలవాటుగా వంటగది వైపు నడవబోతే, "ఇక్కడ కూర్చో" అంది. ముందు గదిలో, బయటివాళ్ళు వచ్చినప్పుడు కూర్చునే కుర్చీ చూపించింది. లోపలికి వెళ్ళి, చిన్న ప్లేటులో గ్లాసు పెట్టి మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందున్న బల్ల మీద పెట్టింది. ఒంట్లో బాగుంటోందా అని అడిగింది. బాగుంటోందని చెల్లెలు చెప్పింది. ల్యాబ్‌లో అంతా బాగున్నారా అని అడిగింది. బాగున్నారని చెప్పింది. నీళ్ళు తాగడం అయ్యేదాకా అక్క మర్యాదగా నిలబడి ఉండి, ఖాళీ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్ళింది.